ఆరు మెగాబైట్ల పనికి ఏడు వేల మెగాబైట్ల డ్రైవా?

గేమ్ ఆడుతూ ఆ ఆటను రికార్డు చేయాలంటే వేగమైన ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఉండి తీరాలన్న మాట ఇప్పుడు వేదవాక్కయి కూర్చుంది. ఛానెల్ పెట్టాలని సరదాపడే కుర్రాడు తండ్రిని వెంటబెట్టుకుని కంప్యూటర్ షాపుకి వెళ్తే, కౌంటర్ అవతలి నుంచి వచ్చే తొలి ప్రశ్నల్లో ఒకటి "రికార్డింగ్ కూడా చేస్తవా తమ్ముడూ?" అవునన్నాడో, కొటేషన్ కాగితం మీదున్న సాటా ఎస్‌ఎస్‌డీ మీద గీత పడుతుంది, పక్కన జెన్ ఫోర్ ఎన్‌వీఎంఈ అని కొత్త అంకె పడుతుంది. "మామూలుది ఆగదు సార్, ఫ్రేములు పడిపోతయ్" అని తండ్రికి సంజాయిషీ. ఫ్రేములంటే ఏమిటో ఆయనకు తెలియదు గానీ పడిపోవడమంటే తెలుసు. ఇంకొన్ని వేలు చేతులు మారతాయి.

అదే షాపులో కాస్త తల ఎత్తి చూడండి. గోడకు బిగించిన తెర మీద పదహారు గళ్లలో పదహారు కెమెరాల దృశ్యాలు కదులుతుంటాయి. వాటిని రాత్రింబవళ్లు, పండగా సెలవూ లేకుండా రికార్డు చేస్తున్నది బల్ల కింద దుమ్ము కొట్టుకుపోయిన డీవీఆర్‌లోని ఒక్క హార్డ్ డిస్క్. ఒక్కో కెమెరాకి సెకనుకి 4 మెగాబిట్లు వేసుకున్నా పదహారింటికి 64 మెగాబిట్లు. మన కుర్రాడి ఆట రికార్డింగు దాదాపు అంతే ఉంటుంది, చాలాసార్లు అంతకంటే తక్కువే. వెస్టర్న్ డిజిటల్ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటి సీసీటీవీ డిస్కులు 64 కెమెరాల దాకా మోస్తాయని వాటి తయారీదారులే రాసిస్తున్నారు. జెన్ ఫోర్ లేనిదే రికార్డింగ్ జరగదని చెప్పే మనిషి నెత్తి మీదే, ఆయన మాట అబద్ధమని చెప్పే సాక్ష్యం ఇరవై నాలుగు గంటలూ తిరుగుతోంది.

షాపువాళ్ల మీద కోపం లేదు. వాళ్లు విన్నదే చెబుతున్నారు. సమీక్షలు చేసేవాళ్లు చెబుతున్నారు, వాట్సాప్ గ్రూపుల్లో అన్నలు చెబుతున్నారు. అందరూ చెబుతున్నారు కాబట్టి అందరూ నమ్ముతున్నారు. ఒక్కరూ కాగితం తీసి లెక్క వేయడం లేదు.

ఆ లెక్క నిజానికి చాలా చిన్నది. వీడియో బరువును బిట్లలో చెబుతారు, డ్రైవు వేగాన్ని బైట్లలో చెబుతారు. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. 1080పీలో సెకనుకి 60 ఫ్రేముల ఆటను 50 మెగాబిట్ల బిట్‌రేటుతో రికార్డు చేస్తున్నారనుకుందాం. ఇది ఉదారమైన అంకె. ఇదే రకం వీడియోను అప్‌లోడ్ చేయడానికి యూట్యూబ్ సూచించే బిట్‌రేటు 12 మెగాబిట్లు. ట్విచ్‌లో ప్రత్యక్ష ప్రసారమైతే 6తో సరిపెట్టుకుంటారు. మన 50ని ఎనిమిదితో భాగించండి. సెకనుకి 6.25 మెగాబైట్లు. డ్రైవు మీద పడే భారం మొత్తం ఇంతే.

ఇప్పుడు డబ్బాల మీది అంకెలు చూడండి. జెన్ ఫోర్ డ్రైవు మీద 7,000 మెగాబైట్లు, జెన్ ఫైవ్ మీద 14,000 దాకా అచ్చువేసి ఉంటుంది. అవి చదివే వేగాలు. రాసే వేగం సాధారణంగా ఇంకాస్త తక్కువ, అయినా మన అవసరానికి వందల రెట్లు. పాత సాటా ఎస్‌ఎస్‌డీ 500కి పైగా రాస్తుంది. 7200 ఆర్‌పీఎం డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్ బయటి అంచున 200 మెగాబైట్ల దాకా రాసి, పళ్లెం లోపలి అంచుకి వచ్చేసరికి దాదాపు సగానికి దిగుతుంది. ఆ సగం, అంటే 100 మెగాబైట్లు, 50 మెగాబిట్ల రికార్డింగుకి పదహారు రెట్లు. పదహారు రెట్ల మిగులున్న డిస్కుని పనికిరాదని పక్కన పెట్టేసి వెయ్యి రెట్ల మిగులున్నదాన్ని కొనిపిస్తున్నారు. మిగిలిపోయిన వేగానికి బ్యాంకులో వడ్డీ రాదు.

ఈ నమ్మకం గాలిలోంచి ఊడిపడిందేమీ కాదు. ఒకప్పుడు నిజమే. 1999లో వచ్చిన ఫ్రాప్స్ అనే సాఫ్ట్‌వేర్ చాలా ఏళ్లు ఆటల రికార్డింగుకి మారుపేరుగా నడిచింది. ప్రాసెసర్ మీద భారం పడకూడదని అది వీడియోను పెద్దగా కుదించేది కాదు, వచ్చింది వచ్చినట్టే డిస్కు మీదికి తోసేది. కుదించని వీడియో ఎంత బరువో చూడండి. 1920 పిక్సెళ్లు, 1080 వరసలు, పిక్సెల్‌కి మూడు బైట్లు, సెకనుకి 60 ఫ్రేములు. అన్నీ గుణిస్తే సెకనుకి 373 మెగాబైట్లు. రంగుల సమాచారం పావు వంతుకి తగ్గించినా 186. ఆనాటి మామూలు హార్డ్ డిస్కులు ఇంత మోయలేవు. అందుకే ఫ్రాప్స్ వాడినవాళ్లు రిజల్యూషన్ తగ్గించుకునేవారు, సెకనుకి 30 ఫ్రేములకు దిగేవారు, రికార్డింగుకి విడిగా ఒక డిస్కు పెట్టుకునేవారు. నిమిషాల్లోనే ఫైలు 4 గిగాబైట్ల దగ్గర తెగి మరో ఫైలు మొదలయ్యేది. డిఎక్స్‌టోరీ అనే మరో సాఫ్ట్‌వేర్ అయితే ఒకే వీడియోను రెండు మూడు డిస్కులకు పంచి రాసే ఏర్పాటు కూడా ఇచ్చింది. ఆ రోజుల్లో "రికార్డింగుకి వేగమైన డిస్కు కావాలి" అన్నవాడు అనుభవంతో అన్నాడు.

ఆ తరవాత కథ మారింది. 2011లో ఇంటెల్ ప్రాసెసర్లలోకి వీడియోను కుదించే క్విక్ సింక్ వచ్చింది. 2012లో ఎన్‌విడియా తన కెప్లర్ కార్డుల్లో వీడియోను కుదించడానికే ఎన్‌వెంక్ అనే ప్రత్యేక భాగం పెట్టింది. 2013 చివర్లో దాని మీద నడిచే షాడోప్లే అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఆ 373 మెగాబైట్లు డిస్కు గడప తొక్కకముందే, గ్రాఫిక్స్ కార్డులోనే అరవయ్యో వంతుకి చిక్కిపోవడం మొదలైంది. ఫ్రాప్స్‌కి చివరి కొత్త వెర్షన్ వచ్చింది కూడా 2013లోనే. సాఫ్ట్‌వేర్ చనిపోయింది, దానితో పుట్టిన సలహా మాత్రం చావలేదు. ఆ రోజుల్లో ఇంకా బడికి వెళ్లనివాళ్లు కూడా ఇవాళ ఆ సలహాను వల్లెవేస్తున్నారు, అది దేనికోసం పుట్టిందో తెలియకుండా.

చిత్రమేమిటంటే, కాలం గడిచేకొద్దీ అవసరం పెరగడం లేదు, తగ్గుతోంది. హెచ్.264 అనే కుదింపు పద్ధతి మోసే నాణ్యతనే దాని తరవాతి హెచ్‌ఈవీసీ ఇంకా తక్కువ బిట్లలో ఇస్తుంది, ఏవీ1 ఇంకా తక్కువలో. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 40 కార్డుల్లో ఏవీ1 కుదింపు నేరుగా చిప్పులోనే ఉంది. ఒక పక్క వీడియో చిక్కుతోంది, ఇంకో పక్క దాన్ని మోయడానికంటూ అమ్మే డ్రైవు బలుస్తోంది.

మరి పాత సలహాకి కొత్త ఊపిరి పోసింది ఎవరు? నన్నడిగితే ప్లేస్టేషన్ 5. లోపల ఇంకో డ్రైవు బిగించుకోవాలంటే సెకనుకి 5,500 మెగాబైట్ల చదివే వేగం ఉన్నది కొనమని సోనీ సూచించింది. ఆ అంకె కుర్రాళ్ల నోళ్లలో మంత్రంలా తిరిగింది. 2022లో మైక్రోసాఫ్ట్ పీసీ ఆటలకి డైరెక్ట్‌స్టోరేజ్ అందించాక ఆ మంత్రం పీసీలకీ పాకింది. కానీ ఈ రెండూ ఆట ఫైళ్లను చదవడానికి సంబంధించినవి. ఒక లోకంలోంచి ఇంకో లోకంలోకి దూకేటప్పుడు గోడలూ చెట్లూ ముఖాలూ క్షణంలో మెమరీలోకి రావాలి, దానికి ఆ వేగం. రికార్డింగ్ అనేది రాసే పని, అదీ నింపాదిగా, ఒకే ధారగా సాగే పని. చదివే పరుగుకి పెట్టిన అర్హతను రాసే నడకకి అంటగట్టారు.

"మీ లెక్కలు బాగానే ఉన్నాయి, మరి నా వీడియో ఎందుకు తడబడుతోంది?" అని అడిగేవాళ్లుంటారు. అసలు విషయం ఇక్కడుంది. రికార్డింగ్ చూసుకుంటే బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. వెంటనే డిస్కుని అనుమానిస్తారు. ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్టాట్స్ అని ఒక చిన్న విండో ఉంది. దాన్ని తెరిచి పక్కన పెట్టుకుని పది నిమిషాలు ఆడండి. అందులో రెండరింగ్ ల్యాగ్ వల్ల తప్పిన ఫ్రేములు ఎన్నో ఒక వరస చెబుతుంది. ఎన్‌కోడింగ్ ల్యాగ్ వల్ల వదిలేసిన ఫ్రేములు ఎన్నో ఇంకో వరస చెబుతుంది. ప్రసారం చేస్తుంటే నెట్‌వర్క్ వల్ల పోయినవి కిందుంటాయి. డిస్కు గురించి అక్కడున్నవి రెండే వరసలు, ఇంకా ఎంత ఖాళీ ఉంది, ఎంతసేపట్లో నిండుతుంది. డిస్కు వేగానికంటూ ఒక వరసే లేదు. లక్షల మంది రికార్డింగులు నడిపే సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు డిస్కు విషయంలో మనల్ని హెచ్చరించాలనుకున్నది జాగా గురించి మాత్రమే. జెన్ ఫోర్ ప్రచారకులు ఆ విండోను ఒక్కసారైనా చూశారా అని నా అనుమానం.

ఎక్కువగా పెరిగేది రెండరింగ్ వరస. ఆటను ఫ్రేముల పరిమితి లేకుండా వదిలేస్తే గ్రాఫిక్స్ కార్డు 99 శాతం దగ్గర రొప్పుతుంటుంది. ఓబీఎస్‌కి తన ఫ్రేము కూర్చుకోవడానికి సందు దొరకదు. దొరకని ప్రతిసారీ ఒక ఫ్రేము గల్లంతు. ఈ జబ్బుకి పది వేల రూపాయల డ్రైవు ఏం చేస్తుంది? ఆట సెట్టింగుల్లోకి వెళ్లి ఫ్రేములకు మానిటర్‌ని బట్టి ఒక పరిమితి పెట్టాలి. విండోస్‌లో ఓబీఎస్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి, అలా తెరిస్తే గ్రాఫిక్స్ కార్డు దగ్గర దానికి కాస్త ముందు వరస దొరుకుతుంది. ఎన్‌కోడింగ్ వరస పెరుగుతుంటే ప్రాసెసర్ మీద నడిచే ఎక్స్264 వదిలి కార్డులోని ఎన్‌కోడర్‌కి మారాలి, లేదా ప్రీసెట్ తేలిక చేయాలి. వీటిలో ఏ ఒక్కదానికీ రూపాయి ఖర్చు లేదు. బహుశా అందుకే ఇవి షాపుల్లో వినపడవు.

డిస్కు నిజంగా అడ్డుపడే సందర్భం ఒకటుంది. దాన్ని దాటేస్తే నా వాదన కూడా ప్రచారమే అవుతుంది. విండోస్, ఆట, రికార్డింగ్ మూడూ ఒకే హార్డ్ డిస్కు మీద ఉంటే నరకమే. హార్డ్ డిస్కులో చదివే తల ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిగి, పళ్లెం తిరిగి కావలసిన ముక్క కిందికి వచ్చేసరికి పది మిల్లీసెకన్లు అటూ ఇటూగా పడుతుంది. అంటే సెకనుకి ఓ వంద గెంతులు. ఆట వేలకొద్దీ చిన్న ఫైళ్లు అడుగుతుంటే, వెనక విండోస్ అప్‌డేట్ ఇంకేదో లాగుతుంటే, మధ్యలో రికార్డింగ్ తన వాటా రాయమంటుంటే ఆ తల ఎవరికని పలుకుతుంది? టాస్క్ మేనేజర్‌లో డిస్కు దగ్గర యాక్టివ్ టైమ్ 100 శాతం కొడుతుంటుంది, దాని కిందే రాస్తున్న వేగం చూస్తే సెకనుకి రెండు మూడు మెగాబైట్లు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూసినవాడికి విషయం అర్థమైపోవాలి. డిస్కు అలిసింది రాసి కాదు, గెంతి.

దీనికి మందు వేగమైన డ్రైవు కాదు, విడి డ్రైవు. విండోస్‌నీ ఆటనీ ఏదో ఒక మామూలు ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చి, పాత హార్డ్ డిస్కుని రికార్డింగుకి వదిలేస్తే అది హాయిగా ఒకే ధారగా రాసుకుంటూ పోతుంది. ఉన్నది ఒక్క ఎస్‌ఎస్‌డీయే అయితే విడదీయాల్సిన పని కూడా లేదు. ఎస్‌ఎస్‌డీలో గెంతే తల లేదు, ఆట చదువుతుంటే పక్కనే ఆరు మెగాబైట్లు రాయడం దానికి లెక్కలోది కాదు. ఖాళీ మాత్రం పూర్తిగా అయిపోనివ్వకండి.

ఇక రెండో పురాణం. ఎస్‌ఎస్‌డీ మీద రోజూ రికార్డు చేస్తే అది అరిగిపోతుందట. తమాషా ఏమిటంటే, "వేగమైన ఎస్‌ఎస్‌డీ లేనిదే కుదరదు" అన్న నోరే చాలాసార్లు "దాని మీద రికార్డు చెయ్యకు, చచ్చిపోతుంది" అని కూడా అంటుంది. రెండూ నమ్మినవాడు ఒక డ్రైవు ఆట కోసం, ఇంకో ఖరీదైన డ్రైవు రికార్డింగ్ కోసం, అది పోతుందన్న భయంతో మూడోది కొనాలి కాబోలు.

దీనికీ లెక్క ఉంది. ప్రతి ఎస్‌ఎస్‌డీకీ వారంటీ కాలంలో ఎంత రాయవచ్చో తయారీదారు టీబీడబ్ల్యూ పేరుతో ఒక అంకె ఇస్తాడు. శాంసంగ్ 870 ఈవో ఒక టెరాబైట్ డ్రైవుకి అది 600 టెరాబైట్లు. మన 50 మెగాబిట్ల వీడియో గంటకి 22.5 గిగాబైట్లు. రోజుకి రెండు గంటలు, ఏడాదిలో ఒక్క రోజు కూడా మానకుండా రికార్డు చేస్తే ఏడాదికి పదహారున్నర టెరాబైట్లకు కాస్త తక్కువ. 600కి చేరడానికి ముప్పై ఆరేళ్లు. చవక రకం క్రూషియల్ పీ3 ఒక టెరాబైట్ డ్రైవుకి ఆ హద్దు 220 టెరాబైట్లే, అయినా పదమూడేళ్లు దాటి వస్తుంది. పైగా వీడియో ఒకే ధారగా రాసే పెద్ద ఫైలు. చిన్న చిన్న ముక్కలను పదే పదే తిరగరాసేటప్పుడు లోపల జరిగే అదనపు అరుగుదల దీనిలో తక్కువ. కావాలంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి టోటల్ హోస్ట్ రైట్స్ అన్న గడి చూసుకోండి. ఇన్నేళ్లుగా ఎంత రాశారో అక్కడ అంకె ఉంటుంది. దాన్ని టీబీడబ్ల్యూ పక్కన పెట్టి చూస్తే భయం దానంతటదే దిగిపోతుంది.

ఈ భయానికి కాస్త దగ్గరగా వచ్చేది ఒక్కటే, షాడోప్లేలోని ఇన్‌స్టంట్ రీప్లే. మీరు రికార్డ్ బటన్ నొక్కకపోయినా, ఆట నడుస్తున్నంతసేపూ అది గడిచిన నిమిషాలను డిస్కు మీద తాత్కాలిక ఫైలుగా రాస్తూనే ఉంటుంది. రోజుకి ఎనిమిది గంటలు ఆడేవాడికి అది 180 గిగాబైట్లు. ఆ లెక్కన కూడా 600 టెరాబైట్లకి తొమ్మిదేళ్లు పడుతుంది. అదీ ఇష్టం లేకపోతే ఓబీఎస్ రీప్లే బఫర్ వాడండి, అది ర్యామ్‌లోనే ఉంచుకుని మీరు అడిగినప్పుడే డిస్కుని తాకుతుంది. రోజుకి ఎనిమిది గంటలు ఆడేవాడికి ముందు అరిగేది ఏదో ఇంట్లోవాళ్లు చెబుతారు.

వేగం కోసం పెట్టే డబ్బు పూర్తిగా వృథా అన్నప్పుడు ఎదుటివాళ్లు తీసే గట్టి అస్త్రం క్యూఎల్‌సీ. ఆ రకం చవక ఎస్‌ఎస్‌డీలు మొదట కొంతసేపు వేగంగా రాసి, లోపలి కాష్ నిండగానే కుప్పకూలతాయని అంటారు. నిజమే. శాంసంగ్ 870 క్యూవీవో ఒక టెరాబైట్ డ్రైవుని తీసుకోండి. 42 గిగాబైట్ల దాకా 500కి పైగా రాస్తుంది, అది నిండాక 80 మెగాబైట్లకు పడిపోతుందని శాంసంగే తన పత్రాల్లో రాసింది. సమీక్షల్లో ఈ పతనాన్ని ఎర్ర గీతతో చూపించి అందరినీ హడలగొడతారు. కానీ 80 మెగాబైట్లంటే 640 మెగాబిట్లు. కూలిపోయిన డ్రైవు కూడా మన రికార్డింగుకి పన్నెండు రెట్లకు పైనే ఉంది. దానికితోడు సెకనుకి ఆరు మెగాబైట్ల చొప్పున నింపితే ఆ కాష్ నిండే లోపే డ్రైవు ఖాళీ దొరికినప్పుడల్లా దాన్ని సర్దుకుంటుంది. ఆ పతనం మీకు తగిలేది రికార్డింగులో కాదు, ఒక డ్రైవు నుంచి ఇంకోదానికి 200 గిగాబైట్లు ఒక్కసారిగా కాపీ చేసేటప్పుడు. అప్పుడు లేచి టీ తాగి రావచ్చు.

హార్డ్ డిస్కు కొనేవాళ్లు భయపడాల్సింది వేరే ఉంది, దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఎస్‌ఎంఆర్ అని ఒక పద్ధతి ఉంది. జాగా ఎక్కువ పట్టించడానికి పళ్లెం మీద గీతలను ఒకదాని మీదికి ఒకటి కొంత ఎక్కేలా రాస్తారు. ఖాళీ డిస్కు మీద వరసగా వీడియో రాసినంతకాలం తేడా తెలియదు. నిండి, పాతవి చెరిపి, ఆ సందుల్లో కొత్తవి రాయడం మొదలయ్యాక ఒక్క గీత మార్చాలంటే పక్క గీతలు కూడా ఎత్తి మళ్లీ రాయాల్సి వచ్చి డిస్కు ఉన్నట్టుండి మొరాయిస్తుంది. 2020 ఏప్రిల్‌లో పెద్ద రగడ అయింది దీని మీదే. వెస్టర్న్ డిజిటల్, సీగేట్, తొషిబా మూడూ కొన్ని మోడళ్లలో ఈ పద్ధతి వాడుతూ ఆ సంగతి కొనేవాళ్లకి చెప్పలేదని బయటపడింది. ఆ తరవాతే జాబితాలు బయటపెట్టారు. రికార్డింగ్ డిస్కు అంటే రాయడం, చెరపడం, మళ్లీ రాయడం. కాబట్టి గీతలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కని సీఎంఆర్ రకమే అడగాలి. డబ్బా మీద ఆ ముక్క సాధారణంగా ఉండదు, పూర్తి మోడల్ నంబరు చూసి కంపెనీ పత్రంలో వెతుక్కోవాలి. జేబులో పట్టే చిన్న పోర్టబుల్ డిస్కులు చాలామట్టుకు ఎస్‌ఎంఆరే. జెన్ ఫోర్‌కీ జెన్ త్రీకీ తేడా మీద అరగంట ఉపన్యాసమిచ్చే సమీక్షకులు ఈ ఒక్క విషయం మీద నోరు విప్పరు.

రైడ్ జీరో సలహా కూడా వినిపిస్తుంటుంది, రెండు డిస్కులు కలిపి ఒకటిగా కట్టి వేగం రెట్టింపు చేసుకోమని. అక్కర్లేని వేగాన్ని రెట్టింపు చేసుకుని, ఏ ఒక్క డిస్కు పోయినా మొత్తం పోయే ప్రమాదాన్ని కూడా రెట్టింపు చేసుకోవడం అది. దాని గురించి ఇంతకంటే రాయడం దండగ.

"కష్టపడి మూడు గంటలు రికార్డు చేశాను, చివర్లో కరెంటు పోయింది, ఫైలు తెరుచుకోలేదు, నా డిస్కు స్లో" అనేవాళ్లూ ఉన్నారు. పాపం డిస్కు. తప్పు ఎంపీ4ది. మామూలు ఎంపీ4 ఫైలుకి కీలకమైన సూచిక రికార్డింగ్ ఆపినప్పుడు రాస్తారు. అది రాయకముందే కరెంటు పోతే లోపల వీడియో మొత్తం ఉన్నా ప్లేయర్లకి తల ఎక్కడో తోక ఎక్కడో తెలియదు. ఎంకేవీలో రికార్డు చేసి తరవాత ఓబీఎస్‌లోనే ఎంపీ4గా రీమక్స్ చేసుకుంటే పోయేది ఆఖరి క్షణాలే. 2024లో ఓబీఎస్ 30.2తో హైబ్రిడ్ ఎంపీ4 వచ్చాక ఆ రెండో పని కూడా తప్పింది. మన దగ్గర ఎండాకాలం కరెంటు సంగతి తెలిసినవాడు జెన్ ఫోర్‌కి పెట్టే అదనపు డబ్బుతో యూపీఎస్ కొంటాడు.

అలాగే పెన్‌డ్రైవో ఎక్స్‌టర్నల్ డిస్కో ఫ్యాట్32లో ఉంటే ఒక్కో ఫైలు 4 గిగాబైట్లు దాటదు. మన లెక్కన పదకొండో నిమిషంలో రికార్డింగ్ చచ్చిపోతుంది. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకుంటే చాలు. ఇదీ డిస్కు ఖాతాలోనే పడే నింద.

అంటే ఎస్‌ఎస్‌డీ అక్కర్లేదనా? ఎడిటింగుకి కావాలి. మూడు గంటల రికార్డింగుని టైమ్‌లైన్ మీద పడేసి అటూ ఇటూ లాగుతుంటే, గేమ్ వీడియో ఒకటి, ముఖం కెమెరాది ఒకటి, ఆడియోలు రెండు మూడు కలిసి నడుస్తుంటే, అక్కడ మళ్లీ గెంతే పని వస్తుంది, హార్డ్ డిస్కు తడబడుతుంది. పని నడుస్తున్న ప్రాజెక్టును ఎస్‌ఎస్‌డీ మీదికి తెచ్చుకుని, అయ్యాక డిస్కు మీదికి దింపేస్తే సరి. దానికీ సాటా రకం సరిపోతుంది, ఎందుకంటే లాగుతున్నప్పుడు ఎక్కువగా నలిగేది ప్రాసెసర్, ఫ్రేములు విప్పే పనిలో. హార్డ్ డిస్కుకి ఇంకో నిజమైన లోపముంది. అది చప్పుడు చేస్తుంది. రాత్రి పూట ఫ్యాన్ కూడా ఆపి, క్యాబినెట్ పక్కనే మైకు పెట్టుకుని మాట్లాడేవాడి గొంతు వెనక ఆ గరగర చేరుతుంది. వేగం కోసం కాక నిశ్శబ్దం కోసం ఎస్‌ఎస్‌డీ కొన్నానంటే నేను లేచి దండం పెడతాను.

నిజంగా వేగం అడిగే రికార్డింగులు లేవా అంటే, ఉన్నాయి. ఓబీఎస్‌లో లాస్‌లెస్ ఎంచుకుంటే నిమిషానికి 7 గిగాబైట్లకు పైగా పట్టవచ్చని అదే హెచ్చరిస్తుంది. అంటే సెకనుకి 117 మెగాబైట్లు, హార్డ్ డిస్కుకి ఇబ్బందే. సినిమా స్థాయి పనికి 4కేలో 60 ఫ్రేములతో ప్రోరెస్ 422 హెచ్‌క్యూ తీస్తే 1,768 మెగాబిట్లు, సెకనుకి 221 మెగాబైట్లు. ఇక్కడ హార్డ్ డిస్కు చేతులెత్తేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ గమనించండి, సాధారణ వాడకంలో ఎవరూ ముట్టని ఈ కొస దగ్గర కూడా పాత సాటా ఎస్‌ఎస్‌డీ సగం బలంతోనే పని చేసేస్తుంది. ఏడు వేల అంకె అవసరపడే చోటు కోసం వెతుకుతూనే ఉండాలి.

కొనేవాడు అడగాల్సిన ప్రశ్న "ఎంత వేగం" కాదు, "ఎన్ని గంటలు". ఒక టెరాబైట్ డ్రైవులో 50 మెగాబిట్ల వీడియో 44 గంటలు పడుతుంది. అందులో విండోస్ కొంత, వంద గిగాబైట్లు దాటిన నాలుగు ఆటలు కొంత మింగేశాక మిగిలేది అందులో సగం కూడా ఉండకపోవచ్చు. రెండు వారాల్లో ఎరుపు గీత కనపడుతుంది. అప్పుడు ఆ కుర్రాడు ఏం చేస్తాడో నాకు తెలుసు. బిట్‌రేటు తగ్గిస్తాడు, లేదా ఇంకా ఎడిట్ చేయని పాత రికార్డింగులు చెరిపేస్తాడు. అదే డబ్బు మామూలు ఎస్‌ఎస్‌డీ మీదా, పక్కన 4 టెరాబైట్ల సీఎంఆర్ హార్డ్ డిస్కు మీదా పెట్టి ఉంటే 177 గంటలు విడిగా దాచుకునేవాడు. నాణ్యత పోగొట్టుకున్నది డ్రైవు నెమ్మదిగా ఉండి కాదు, చిన్నదై.

"రేపటి అవసరాల కోసం" అన్నది వాళ్ల ఆఖరి మాట. సరే, రేపటిదే చూద్దాం. హెచ్‌డీఆర్ కాని మామూలు వీడియోకి 4కేలో 60 ఫ్రేములకు యూట్యూబ్ సూచించేది ఎక్కువలో ఎక్కువ 68 మెగాబిట్లు, ఎనిమిదిన్నర మెగాబైట్లు. ఇంకా ముందుకెళ్లి 8కేలో 60 ఫ్రేములకు 240 మెగాబిట్లు, 30 మెగాబైట్లు. మన ఇళ్లలో 8కే మానిటర్ ఎవరి దగ్గరుందో నాకు తెలియదు. ఉన్నా, ఆ 30 మెగాబైట్లను పాత కంప్యూటర్ల వెనకున్న యూఎస్‌బీ 2.0 పోర్టు కూడా కాస్త రొప్పుతూనైనా మోసేస్తుంది.